ఎర్రమందు

ఈ వారం వచ్చిన వుత్తరాల్లో గుత్తివంకాయ గురించి మూడు, కోడళ్ళ గురించి ఏడు, కీమోథెరపీ గురించి ఒకటీ వున్నాయి. వంకాయలకూ కోడళ్ళకూ అంత తొందరేమీ లేదు. ఆ ఒక్క వుత్తరానికే ఇవాళ ఈ పేజీ అంతా ఇచ్చేస్తున్నాను. మిగతావారు మరోలా అనుకోరని నా నమ్మకం.

వ్రాసినావిడది కోనసీమ. పేరు వెయ్యవద్దన్నారు. రొమ్ము కేన్సరుకు ఆపరేషనయిందట. గాయం మానింది. వచ్చేనెలలో మొదటి కీమో. "ఆ రోజు నేను ధైర్యంగా వుండగలనా అక్కయ్యగారూ? ఏడిస్తే పిల్లలు బెదిరిపోతారేమోనని భయం. ఆ రోజుకు మనసును ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పండి. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది కలగకుండా ఈ ఆరునెలలూ నెట్టుకురావాలని నా కోరిక" అని వ్రాశారు.

ఆ చివరి వాక్యం చదివేసరికి నాకు ఒళ్ళు మండింది. మీ మీద కాదమ్మా, 2019లో సరిగ్గా అదే కోరిక కోరుకున్న నా మీద.

ముందు మీరడిగిన ఆ రోజు సంగతి చెబుతాను. నాకు ముహూర్తం జూలై 30న పడింది. ఆషాఢ బహుళం, అందులోనూ మంగళవారం. తెనాలినుంచి మా మేనత్త ఫోనులో ఒకటే గోల: "ఇంకెన్నిరోజులు, రెండురోజులు ఆగితే శ్రావణం వస్తుందిగదే!" అని. ఆ మాట డాక్టరమ్మగారికి చేరవేస్తే ఆవిడ నవ్వి, "మీ కేన్సరు పంచాంగం చూసుకుని వచ్చిందేమిటండీ?" అన్నారు. అంతే, మంగళవారమే వెళ్ళాం.

అంతకుముందే కొన్ని పనులు చేయించారు. రక్తపరీక్ష, లివరు, కిడ్నీల పరీక్షలు సరే. గుండెకు ఎకో ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగితే చెప్పారు: నాకివ్వబోయే ఎర్రమందు కొందరిలో గుండె కండరాన్ని నీరసింపజేస్తుందట. అందుకని గుండె ఎలా వుందో ముందే చూసుకుంటారు, జన్మమొత్తంమీద ఇంతకుమించి ఇవ్వకూడదని లెక్కకూడా పెట్టుకుంటారు. నాకు రెండేళ్ళుగా అడపాదడపా సలిపే దవడపన్ను వుంది. "ముందు దాని సంగతి తేల్చుకురండి" అని పళ్ళ డాక్టరు దగ్గరికి పంపారు. పుచ్చిపోయిన పన్ను మామూలు రోజుల్లో వుత్త బాధ. కీమో రోజుల్లో అది రక్తంలోకి క్రిములు దూరే దొడ్డిదారి. మీకు పళ్ళలో ఏమైనా బాధ వుంటే ఇప్పుడే చెప్పండి, పన్ను తీసినచోట మానడానికి వ్యవధి కావాలి. వాడుతున్న మందులన్నీ, బీ.పీ. మాత్రలూ, సుగరు మాత్రలూ, ఆయుర్వేదం లేహ్యాలతోసహా, ఒక సంచీలో వేసుకుని తీసుకెళ్ళి బల్లమీద కుమ్మరించండి. చిన్నతనం అనుకోవద్దు.

కట్టుకునే బట్ట సంగతి. చెయ్యి మోచేతిపైదాకా తేలిగ్గా మడతపడే వదులు రవిక తొడుక్కోండి. నేను పట్టుచీర కట్టుకెళ్ళాను, డాక్టరమ్మగారి ముందు దర్జాగా వుండాలని! హాలులో ఏ.సీ. చలికి వణికిపోయాను, పట్టు ఏం ఆపుతుంది? ఒక దుప్పటి, కాలిమేజోళ్ళు, మంచినీళ్ళ సీసా చాలు. ఆపరేషనయిన వైపు చేతికి సూది గుచ్చవద్దని మీరే గుర్తుచేయండి. ఇంకోమాట, నవ్వకండి. ఆ వుదయం మీకు బాగా ఇష్టమైన పదార్థం తినవద్దు. నేను ధైర్యం కోసమని అల్లం పచ్చడితో రెండు పెసరట్లు తిని వెళ్ళాను. ఆ తర్వాత వచ్చిన వికారాన్ని నా నాలుక ఆ పెసరట్ల పద్దులో వ్రాసేసింది. ఇన్నేళ్ళయినా పెసరట్టు వాసన వస్తే లేచి అవతలికి పోతాను. ఇడ్లీయో, చారన్నమో, ఏ రుచీ లేని వుప్మాయో తిని వెళ్ళండి. పెసరట్టును కాపాడుకోండి.

హాలులో పన్నెండు కుర్చీలున్నాయి, వెనక్కి వాలేవి. సెలూనులో వున్నట్టుంటాయి. మొదట వాంతులు రాకుండా సూదిమందులిచ్చారు, తర్వాత సెలైను. ఆ తర్వాత నర్సమ్మాయి నీలం చేతితొడుగులు వేసుకుని, లావుపాటి సిరంజీలో ఎర్రటి మందు పట్టుకుని వచ్చింది. అచ్చం సాయిబు కొట్టులో అమ్మే రోజ్‌మిల్కు షరబత్తు రంగు. పక్కనే కూర్చుని, నా ముఖంలోకి చూస్తూ, మెల్లిగా, చాలా మెల్లిగా ఎక్కించింది. "అమ్మా, సూది దగ్గర మంటగానీ, పోటుగానీ, వాపుగానీ ఏ కాస్త అనిపించినా వెంటనే చెప్పండి, ఓర్చుకోవద్దు" అంది. ఆ మందు నరంలోనే వుండాలట. బయటికి కారితే చుట్టూ వున్న కండ పుండు పడుతుంది. ఎక్కించినంతసేపూ నోట్లో ఐసుముక్క పెట్టుకోమంది, నోరు పూయకుండా. ఆ తర్వాత రెండోమందు తెల్లది, గంటసేపు చుక్కలు చుక్కలుగా. అది మూత్రాశయాన్ని ఒరుస్తుందిగనుక ఆ రోజూ మర్నాడూ నీళ్ళు బాగా తాగాలి, రాత్రికూడా లేచి బయటికి వెళ్ళాలి. ఎర్రమందు పడిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, ఒకటి రెండు రోజులు. నాకు ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే రక్తమనుకుని కేకలు పెట్టేదాన్ని.

ఇంతే ఆ రోజు. ఏడుపు వస్తే ఏడవండి, నేనూ ఏడ్చాను, సూది గుచ్చకముందే. నర్సమ్మాయి చూసీ చూడనట్టు వూరుకుంది. ఆ హాలులో ఎవరూ ఎవరి కన్నీళ్ళకూ మార్కులు వెయ్యరు.

అక్కడ కూర్చున్నంతసేపూ నాకు ఇంకో ఆలోచన తోచింది. ఈ ఎర్రమందు డాక్సోరూబిసిన్. ఇటలీలో ఒక పాతకోట దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి సంతతినుంచి తీశారు. ఏడ్రియాటిక్ సముద్రం పేరుమీద దానికి ఏడ్రియామైసిన్ అని ఇంకో పేరు. మట్టిలోంచి వచ్చిన మందు! అసలు కేన్సరును మందులతో లొంగదీయవచ్చని మొదట్లో నమ్మకం కలిగించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారున్నారు. అమెరికాలో ఆయన నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో ఎమినోప్టెరిన్ అనే మందు తయారయింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్తపు కేన్సరు వచ్చిన పిల్లలకిచ్చి, కొందరికి కొన్నాళ్ళపాటు జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. ఆ ఏడాదే సుబ్బారావుగారు పోయారు. ఆ తరహాదే ఇంకోమందు, మెథోట్రెక్సేట్, ఇవాళ్టికీ వాడుతూనే వున్నారు. ఆ పన్నెండు కుర్చీల్లో ఏ కుర్చీకి ఎక్కించారో నాకు తెలియదుగానీ, ఆ హాలు మాత్రం నాకప్పుడు బొత్తిగా పరాయిచోటు అనిపించలేదు.

ఈ మందుల తత్త్వం ఒక్కటి పట్టుకుంటే తర్వాత జరిగేదంతా అర్థమవుతుంది. గబగబా పెరిగే కణాలమీద ఇవి పడతాయి. కేన్సరు కణాలు అలాంటివే. కాని మన ఒంట్లో గబగబా పెరిగే మంచివీ వున్నాయి: జుట్టు కుదుళ్ళు, నోటి పొర, పేగుల లోపొర, ఎముకల మూలుగలో పుట్టే రక్తకణాలు. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, కడుపు తిరగబడుతుంది. నాలుగోదాని సంగతే ఎవరూ పట్టించుకోరు, కంటికి కనిపించదుగనుక.

మొదటి మూడురోజులూ వికారం. వాంతుల మాత్రలు వాంతి వచ్చాక కాదు, గడియారం చూసుకుని వెయ్యాలి. ఆ మాత్రలు వికారాన్ని కట్టేస్తాయి, దాంతోపాటు కడుపునూ కట్టేస్తాయి. నాలుగోరోజుకు నా బాధంతా మలబద్ధకమే. మొహమాటపడకుండా డాక్టరునడిగి దానికీ మందు తెచ్చుకోండి. వికారం తగ్గడానికిచ్చే స్టెరాయిడువల్ల రెండురాత్రులు కళ్ళు మూతపడవు. సుగరున్నవారికి సుగరు పెరుగుతుంది. నోట్లో ఎప్పుడూ తుప్పుపట్టిన మేకు చప్పరిస్తున్నట్టుంటుంది. పోపు వాసన పడదు. మావారు వంటింటి తలుపు మూసి, పొయ్యికింద దాక్కున్నట్టు వంట చేసేవారు. ఆయన చేసిన చారు గురించి ఇక్కడ ఏమీ వ్రాయను, ఈ పత్రిక ఆయనా చదువుతారు. నాకు పడినవి గోరువెచ్చగా, చప్పగా వున్నవే: రాగిజావ, మెత్తటి అన్నంలో పెసరకట్టు, ఉడికించిన బంగాళాదుంప, బాగా ఉడికిన గుడ్డు. రోజుకు నాలుగైదుసార్లు వుప్పు, కాస్త వంటసోడా కలిపిన నీళ్ళు పుక్కిలించి వుమ్మేదాన్ని. ఆవకాయ జాడీవైపు ఆరునెలలు చూడలేదు.

ఆ రెండురోజులూ మన మూత్రంలో, వాంతిలో మందు వుంటుందిగనుక మరుగుదొడ్డిలో మూతవేసి రెండుసార్లు నీళ్ళు వదలాలి. శుభ్రం చేసేవాళ్ళు చేతితొడుగులు వేసుకోవాలి. పక్కన కూర్చోవడానికీ, పిల్లల్ని ముట్టుకోవడానికీ ఏ దోషమూ లేదు. మా పక్కింటావిడ తన గ్లాసు వేరే పెట్టించుకుంది. అది భయం, పోనివ్వండి.

ఆరోరోజుకు తేరుకున్నాను. ఎనిమిదోరోజుకు కాఫీ తాగాను. "ఓస్ ఇంతేనా కీమో అంటే!" అనుకున్నాను. ఇక్కడే, చెల్లాయీ, కాస్త నెమ్మదిగా చదవండి.

మూలుగలో కొత్త తెల్లకణాలు పుట్టడం ఆగిపోతుందిగదా, పాతవి అయిపోతూ వస్తాయి. వారం దాటి రెండోవారం వెళ్ళేలోపల అవి అట్టడుగుకు పడిపోతాయి. అంటే మనిషి నిక్షేపంగా కనిపించే రోజుల్లోనే ఇంటికి కాపలావాడు లేడన్నమాట. నాకు ఆ పదకొండోరోజు ఆగస్టు 9, శుక్రవారం, వరలక్ష్మీవ్రతం. కోడలు పూజ చేసింది. నేను కొత్తచీర కట్టుకుని, ముఖానికి పసుపు రాసుకుని సోఫాలో కూర్చున్నాను. పేరంటానికి తొమ్మండుగురు వచ్చారు. "అబ్బే, జబ్బుమనిషిలా లేరండీ!" అన్నారు. పొంగిపోయాను. ఎదురింటి వాళ్ళ పిల్లాడు, ముక్కు కారుతున్నవాడు, నా ఒళ్ళో ఎక్కి కూర్చున్నాడు. వాయనంలో వచ్చిన పచ్చి వడపప్పు, చలిమిడి ఇష్టంగా తిన్నాను. వీటిలో దేనివల్ల వచ్చిందో, అసలు వీటివల్లనే వచ్చిందో లేదో చెప్పలేం. చాలాసార్లు మన ఒంట్లో ఎప్పుడూ వుండే క్రిములే అదను చూసి తిరగబడతాయని తర్వాత డాక్టరమ్మగారన్నారు.

రాత్రి పదింటికి చలి వేసింది. మనవడి థర్మామీటరు పెట్టుకుని చూసుకుంటే 101. మావారు పదిరోజులుగా సరిగ్గా నిద్రలేక అప్పుడే కునుకు తీస్తున్నారు. అబ్బాయికి పొద్దున్నే ఆఫీసు. కోడలు వుపవాసం వుండి, పేరంటం పనితో అలిసి పడుకుంది. అర్ధరాత్రి అందర్నీ లేపి గోల చెయ్యడమెందుకు, తెల్లవారనీ అనుకున్నాను. పారాసెటమాల్ మాత్ర వేసుకున్నాను. గంటలో చెమట పట్టి 99కి దిగింది. ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా గట్టెక్కానని నాలో నేనే మెచ్చుకున్నాను.

మాత్ర జ్వరాన్ని కప్పెట్టింది, అంతే. మూడింటికి పళ్ళు టకటక కొట్టుకునే వణుకుతో మెలకువ వచ్చింది. స్నానాలగదిదాకా వెళ్ళానుగానీ కళ్ళు తిరిగాయి. పడుతూ పడుతూ చెయ్యి తగిలి ఇత్తడి చెంబు కిందపడింది. ఆ చప్పుడుకు మావారు లేచారు. ఆ చెంబు సొట్టతో ఇవాళ్టికీ మా ఇంట్లో వుంది, మాటు వేయించనివ్వలేదు.

ఆసుపత్రి గుమ్మంలో కుర్రాడెవరో టోకెను తీసుకోమన్నాడు. మా అబ్బాయి గట్టిగా, "కీమో ఇచ్చి పదకొండు రోజులైంది, జ్వరం నూటమూడు" అన్నాడు. ఆ మాట చెవినిపడ్డ నర్సు చేతిలో కలం వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఆ ఒక్కవాక్యం మీరూ, మీవాళ్ళూ కంఠతా పట్టండి. తెల్లకణాలు మామూలుగా నాలుగువేలకు తగ్గకూడదు, నాకు ఏడువందలున్నాయి. బీ.పీ. పడిపోయింది. రిపోర్టులన్నీ వచ్చేదాకా ఆగకుండా గంటలోపలే నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించారు. ఆరురోజులు వున్నాను.

రెండోనాటికి కాస్త తెలివొచ్చాక డాక్టరమ్మగారు మంచం పక్కన నిలబడి అడిగారు: "పదింటికి జ్వరం చూసుకున్నారుగదా, ఎవర్నీ ఎందుకు లేపలేదు?"

"నిద్ర పాడవుతుందని" అన్నాను.

"మీరు పోతే వాళ్ళకెన్నాళ్ళు నిద్ర పట్టేదమ్మా?" అన్నారావిడ. అని, నాడి చూసి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక వెతికితే, మొదటిరోజు ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితం బిల్లులతోపాటు మడతపెట్టి వేంకటేశ్వరస్వామి పటం వెనక దొరికింది. నాలుగోవాక్యం శుభ్రమైన తెలుగులో వుంది: జ్వరం 100.4 దాటితే రాత్రయినా పగలయినా వెంటనే రావాలని. చదవకుండా దేవుడికి అప్పగించాను.

ఆ జబ్బువల్ల రెండోవిడత వారం వెనకబడింది. ఈసారి మందు ఎక్కించిన మర్నాడు తెల్లకణాలు పెరగడానికి ఇంజక్షనిచ్చారు. దానికి నడుము ఎముకలు రెండురోజులు పోట్లు పెట్టాయి, కాని మళ్ళీ ఆ అగాధంలో పడలేదు. మీకు అది అవసరమా అని మీ డాక్టరునడగండి. అందరికీ అక్కర్లేదు.

ఇక మీరు వ్రాయకపోయినా మీ మనసులో వున్నది జుట్టు. నాకు ఆసుపత్రినుంచి వచ్చిన రెండోరోజు దువ్వెనతోపాటు పాయ వూడొచ్చింది. అంతకు రెండురోజులముందునుంచీ మాడు పుండులా సలిపింది. ఇక రోజూ దిండుమీద ఏరుకోవడమెందుకని, ఇంటికి మనిషిని పిలిపించి గుండు చేయించుకుంటానన్నాను. మేనత్త ఫోనులో గొల్లుమంది: "భర్త చల్లగా వుండగా పునిస్త్రీవి, అదేం మాటే!" నాకు విసుగొచ్చి ఫోను పెట్టేశాను. తర్వాత గుర్తొచ్చింది. మా నాయనమ్మకు చిన్నవయసులోనే భర్త పోతే తల తీయించారు. అప్పుడు మా మేనత్తకు ఆరేళ్ళు. తలుపుసందులోంచి చూసిందట. నా చిన్నతనంలో నాయనమ్మ ముసుగు ఎప్పుడూ తియ్యలేదు. ఎనభైనాలుగేళ్ళ ఆ మనిషి భయపడుతున్నది నా గుండుకు కాదు.

మర్నాడు మళ్ళీ నేనే ఫోను చేశాను. "రా అత్తయ్యా, నువ్వుంటే చేయించుకుంటాను" అన్నాను. రెండోరోజు రైలుదిగి వచ్చింది. పని జరుగుతున్నంతసేపూ నా ఎదురుగానే కూర్చుంది, అటు తిరగలేదు. అయ్యాక నా నుదుట ఇంత బొట్టు తనే పెట్టింది. సంచీలోంచి తను కట్టి కట్టి మెత్తబడ్డ నేతచీర తీసి, చింపి, తలగుడ్డలు కుట్టింది. విగ్గు నేను కొనలేదు. హైదరాబాదు ఎండకు ఆ నేతగుడ్డే హాయిగా వుండేది. రోడ్డుమీద ఎవరో, "తిరుపతి వెళ్ళొచ్చారా?" అంటే "అవునండీ" అన్నాను. ఆవిడ లడ్డూ అడిగింది! మందులు పూర్తయ్యాక జుట్టు మళ్ళీ వచ్చింది, ఎన్నడూ లేనిది వుంగరాలు వుంగరాలుగా.

బొప్పాయాకు రసం, గోధుమగడ్డి రసం, తిప్పతీగ పట్టుకుని చుట్టాలు వస్తారు. ప్రేమతోనే తెస్తారు. తీసుకుని గూట్లో పెట్టండి, డాక్టరునడక్కుండా నోట్లో వెయ్యకండి. తెల్లకణాలు తగ్గే రోజుల్లో పచ్చివేవీ వద్దు, బయటి పచ్చళ్ళు, కోసిపెట్టిన పళ్ళముక్కలతోసహా. కాచిన పాలు ఇంట్లో తోడుపెట్టిన పెరుగు మా డాక్టరమ్మ వద్దనలేదు, మీ డాక్టరునడగండి. కత్తిపీట ముందు కూర్చోవద్దు. పేరంటాలూ, పెళ్ళిళ్ళూ, బస్సు ప్రయాణాలూ ఏడోరోజునుంచి పధ్నాలుగోరోజుదాకా మానండి. వ్రతం వస్తే అమ్మవారు ఇంకో శుక్రవారం వస్తుంది.

మీకింకా మూడువారాల పైన వ్యవధి వుంది. థర్మామీటరు ఒకటి కొని మంచం పక్కనే పెట్టుకోండి. ఆసుపత్రి ఫోను నెంబరు గోడమీద పెద్దక్షరాలతో పిల్లలచేత వ్రాయించండి. ఒక సంచీలో ఫైలు, జత బట్టలు, కొంత డబ్బు పెట్టి గుమ్మం దగ్గర వుంచండి. రాత్రివేళ మిమ్మల్ని తీసుకెళ్ళడానికి బండి ఎవరిదో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. కోనసీమనుంచి కాకినాడగానీ రాజమండ్రిగానీ చేరాలంటే ఎంత సేపు పడుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. మీ వూళ్ళోనే జ్వరానికి మొదటి ఇంజక్షను ఇవ్వగల ఆసుపత్రి ఏదో మీ డాక్టరు చేత ఒక చీటీ వ్రాయించుకోండి. జ్వరం చూసుకున్నాకే మాత్ర, అదీ వాళ్ళను అడిగాకే. ఆ తర్వాత ఈ పేజీని మీ ఆయనగారి చేత, పిల్లలచేత చదివించండి, ముఖ్యంగా చెంబు పడినచోట.

వంకాయల సంగతి వచ్చేవారం.